మా ఊరి జనాభాలో అమ్మ నేస్తం

పోయిన వారం మద్దిలపాలెంలో మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. మా ఊరు పోయాక మమ్మల్ని తెచ్చి దింపిన కాలనీలో పుట్టి పెరిగినవాడు, అంటే మా ఊరిని కళ్ళతో చూడనివాడు. కాలనీవాళ్ళంతా కలిసి ఒక సంచిక వేస్తున్నారట, అందులో పాత ఊరి చరిత్ర ఒక పేజీ ఉండాలట, చదువుకున్న ముసలివాళ్ళలో ఇంకా మతి నిలిచి ఉన్నది నాకేనని ఎవరో పుణ్యాత్ములు చెప్పారట. ఊరు ఎలా పుట్టింది, ఏయే కులాలవాళ్ళు ఎంతెంతమంది, ఏం పండేది, ఊరి ప్రముఖులెవరు, ఇంతే మేడమ్, ఒక్క పేజీ చాలు అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఒక్క పేజీయట! నలభై ఏళ్ళుగా నోట్లో నానుతున్న ఊరిని ఒక పేజీలోకి కుక్కమంటే ఎలా కుదురుతుంది? అయినా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. జనాభా దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఒక మనిషిని ఆ లెక్కలో వెయ్యాలో వద్దో నాకు తేలలేదు. కుర్రాడికి చెబితే వినే ఓపిక ఉండదు, నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు కదా అని ఇది రాస్తున్నాను.

గాజువాక దాటి సముద్రం వైపు తిరిగితే, కొండకీ ఇసుకదిబ్బలకీ మధ్య ఉండేది మా ఊరు. పల్లె అంటే ఊళ్ళోవాళ్ళకి కోపం, పట్నం అంటే బస్సు కండక్టరుకి నవ్వు. వారానికోసారి సంత జరిగేది, ఒక బియ్యం మిల్లూ ఒక హైస్కూలూ ఒక తపాలా ఆఫీసూ ఉండేవి, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు గొడ్డలికి కర్ర కావాలన్నా పిల్లకి గాజులు కావాలన్నా మా ఊరికే వచ్చేవాళ్ళు కాబట్టి మేం పల్లెటూరివాళ్ళం కామని మా నమ్మకం. పండేవి మాత్రం పల్లెటూరి పంటలే. కొండమీంచి దిగే గెడ్డ నీళ్ళు అందినంత మేర వరీ చెరకూ, అందని చోట రాగులనే చోళ్ళూ, సజ్జలనే గంట్లూ, నువ్వులూ, ఇసుక మొదలయ్యాక జీడిమామిడీ సరుగుడూ. చెరకు గానుగ ఆడే రోజుల్లో ఊరంతా బెల్లం వాసన వేసేది, పిల్లలం బడి ఎగ్గొట్టి వేడి పాకం కోసం తాటాకు దొన్నెలతో గానుగ చుట్టూ తిరిగేవాళ్ళం.

చరిత్ర అంటే మా తాత చెప్పిందే నాకు తెలిసిన చరిత్ర. ఎప్పుడో కరువు కాలంలో పైనుంచి గొడ్డూ గోదాతో దిగివచ్చిన వ్యవసాయ కుటుంబాలు గెడ్డ దగ్గర ఆగాయట, ఆగినవాళ్ళు ఆగినట్టే ఉండిపోయారట. మా వీధి వాళ్ళదే. తరవాత సంత పెరిగాక నేతవాళ్ళు వచ్చారు, వాళ్ళ వీధిలో నడిస్తే పొద్దుగూకేదాకా మగ్గాల చప్పుడే. కోమట్ల దుకాణాలు సంత మైదానం చుట్టూ ఉండేవి. కుమ్మరులు గెడ్డ ఒడ్డున, చాకళ్ళు రేవు పక్కన, కల్లుగీత పనివాళ్ళు తాటితోపు దగ్గర, గుర్రపుబళ్ళ సాయిబులు రోడ్డు మొగన ఉండేవాళ్ళు. మాలపేటా మాదిగపేటా ఊరికి ఎడంగా ఉండేవి, వాళ్ళ నుయ్యి వేరు, మా నుయ్యి వేరు. మా పొలాలు దున్నిందీ కోసిందీ వాళ్ళే గాని మా వీధిలో మంచినీళ్ళు అడిగితే చెంబు తగలకుండా దోసిట్లోకి ఎత్తునుంచి పోసేవాళ్ళం. ఊరు పోయినందుకు బాధపడేవాళ్ళంతా ఈ మాట దాటేసి మాట్లాడతారు, నేనెందుకు దాటెయ్యాలి?

ఇంతమందీ సరే, సముద్రంవాళ్ళ సంగతే తేలదు. జాలర్లు మా ఊరివాళ్ళు కారు. ఇసుకదిబ్బల అవతల వాళ్ళ పల్లె వాళ్ళకుంది. కాని తెల్లవారితే ఆడవాళ్ళు తట్టలతో మా వీధుల్లో ఉండేవాళ్ళు. పచ్చి చేపలు దొరికిన రోజు పచ్చివి, లేని రోజు ఎండు నెత్తళ్ళూ రొయ్యపొట్టూ తెచ్చి, బదులుగా చోళ్ళో బియ్యమో మిరపకాయలో పట్టుకుపోయేవాళ్ళు. మధ్యాహ్నం ఎండకి మా అరుగుల మీదే నడుం వాల్చేవాళ్ళు, మా పిల్లలకి దిష్టి తీసేవాళ్ళు, మా తగువుల్లో తీర్పులు చెప్పేవాళ్ళు. రాత్రి పడుకునేది అక్కడే అయినా పగలంతా బతికేది ఇక్కడ కదా. మరి వాళ్ళు మా జనాభా అవునా కాదా?

అలా వచ్చేవాళ్ళలో ఒకామె మా అమ్మకి నేస్తం. మా వైపు పుట్టినవాళ్ళకి నేస్తం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు గాని, ఇప్పటి పిల్లలు ఫ్రెండు అనుకుంటారు కాబట్టి చెప్పాలి. నేస్తరికం పెద్దలు కలిపేది. కులం వేరైనా ఊరు వేరైనా ఫరవాలేదు, ఇద్దరిలో ఏదో ఒకటి కలవాలి, పోలికో, పుట్టిన రోజో, మరొకటో. పసుపు నీళ్ళు చల్లి, కొత్త చీరలు మార్పించి, ఇవాళ్టినుంచి మీరు నేస్తాలు అని నలుగురిలో చెప్పేవాళ్ళు. అక్కడినుంచి వాళ్ళు తోబుట్టువుల కంటే ఎక్కువ. పోట్లాడుకోకూడదు, ఒకరింట శుభమైనా అశుభమైనా రెండోవాళ్ళు రావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఒకరి పేరు ఒకరు చచ్చినా నోటితో అనకూడదు. నేస్తం అని పిలుచుకోవలసిందే.

మా అమ్మకీ ఆమెకీ ఏం కలిసిందో మాకెవరికీ తెలియదు. అమ్మ ఎర్రగా, పొట్టిగా, నెమ్మదిగా ఉండేది. ఆమె నల్లగా, నిలువెత్తుగా, నోరు విప్పితే మూడు వీధులకి వినబడేటట్టు ఉండేది. మా నానమ్మ కలిపిందట, అమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో. నానమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది, ఆ సంగతి ఆవిడతోనే పోయింది. నేను ఆమెని పిన్నీ అనేదాన్ని, ఆమె మా నాన్నని బావా అని ఆటపట్టించేది, మా నాన్న ముసిముసిగా నవ్వుకుంటూ పెరట్లోకి తప్పుకునేవాడు. పిన్ని పెద్దకూతురి పెళ్ళికి అమ్మ తట్టనిండా బియ్యం, బెల్లం దిమ్మలు, గుమ్మడికాయలు బండికెక్కించి, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ పల్లెకి వెళ్ళింది. నేస్తం ఇంట ఆడపిల్ల పెళ్ళయితే మొదటి పసుపు రెండో నేస్తం చెయ్యే పెట్టాలి. ఇసుకలో వేసిన పందిట్లో అమ్మ ఆ పిల్ల బుగ్గలకి పసుపు రాస్తుంటే, పిన్ని నన్ను చూపించి, దీనికి నాను రాత్తాను, నా సెయ్యి పడందే ఈ గుంట పెళ్ళికూతురు అవదు, అని అందరిముందూ అంది. నాకప్పుడు పెళ్ళంటే కొత్త పరికిణీ అని మాత్రమే తెలుసు.

తరవాత ఉక్కు కర్మాగారం వస్తుందన్నారు. ఒకటి రెండేళ్ళు వస్తుందా రాదా అని అరుగుల మీద వాదించుకున్నారు, పందాలు వేసుకున్నారు, చివరికి సర్వేవాళ్ళు వచ్చి పొలాల్లో రాళ్ళు పాతారు. ఊళ్ళు ఒక్కొక్కటే లేచిపోయాయి. అది మంచికా చెడుకా అని నన్నడిగితే ఏం చెప్పను? మా అన్నయ్యకి అందులో ఉద్యోగం వచ్చింది, ఆ జీతంతోనే నేను కాలేజీ చదివి టెలిఫోన్ ఆఫీసులో చేరాను. మా నాన్న మాత్రం ఆ తరవాత పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో తెలియక కాలనీ రోడ్డు ఆ చివరికీ ఈ చివరికీ నడిచేవాడు. కాలనీలో స్థలాలు చీట్లు వేసి ఇచ్చారు, దాంతో మా వీధీ నేతవాళ్ళ వీధీ మాలపేటా అన్నీ కలిసిపోయి, ఎవరి పక్కన ఎవరు పడ్డారో పడ్డారు. అందరికీ ఒకటే కుళాయి. మొదట్లో బిందెలు దూరదూరంగా పెట్టుకునేవాళ్ళు, నీళ్ళు వచ్చేది కాసేపే కాబట్టి నెల తిరక్కుండా దూరాలన్నీ పోయాయి. వందల ఏళ్ళు కదలనిదాన్ని కుళాయి కదిలించింది, అది నేను కళ్ళారా చూశాను.

సముద్రంవాళ్ళ పల్లె కూడా ఖాళీ అయింది. వాళ్ళెటు పోయారో మాకు తెలియదు, మేమెటు పోయామో వాళ్ళకి తెలియదు. వేరేచోట్ల గుడిసెలు వేసుకున్నారన్నారు, కొందరు జాలరిపేటలో చుట్టాల దగ్గర చేరారన్నారు. అమ్మ రోజూ పొద్దున్న గుమ్మంలో కాసేపు నిలబడేది. ఎవరికోసమని అడిగితే ఎవరికోసమూ కాదనేది. ఆ కొత్తల్లోనే రేషన్ కార్డులకి పేర్లు రాసుకోవడానికి గుమస్తా ఒకడు వచ్చి నీ పేరేంటమ్మా అని అమ్మని అడిగాడు. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని అటు తిరిగిపోయింది. ఎన్నిసార్లడిగినా చెప్పదు. ఈ పల్లెటూరి సిగ్గేమిటే అని విసుక్కుని, నేనే చెప్పి రాయించాను.

ఎనభైల మధ్యలో తగరపువలస సంబంధం ఒకటి నాకు కుదిరింది. ముహూర్తం పెట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రమే అమ్మ నాన్నతో చెప్పింది, నేస్తాన్ని వెతికి తీసుకురమ్మని, ఆమె పసుపు పెట్టకపోతే పిల్ల పెళ్ళికూతురు కాదని. నాన్న మర్నాడే జాలరిపేటకి వెళ్ళాడు, సాయంత్రం చెప్పులనిండా ఇసుకతో ఉత్త చేతులతో వచ్చాడు. ఎవర్నడిగినా పేరేంటి అంటున్నారు, పేరు లేకుండా ఎలా వెతికేది? నీకు తెలుసు కదా, చెప్పు అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

అక్కడినుంచి మా ఇంట్లో పది రోజులు నడిచిన భాగోతం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాన్న బతిమాలాడు, కసిరాడు, అన్నం తిననన్నాడు. చివరికి ఆయనకొక ఉపాయం తోచింది. నువ్వు చెప్పకు, నేనే ఒక్కో పేరూ అంటాను, అవునంటే తల ఊపు చాలు అని అమ్మ ఎదుట కూర్చుని మొదలుపెట్టాడు. పోలమ్మా? గంగమ్మా? ఎల్లమ్మా? అప్పాయమ్మా? సముద్రం ఒడ్డున ఆడవాళ్ళు పెట్టుకునే పేర్లు ఆయనకి తెలిసినవన్నీ అయిపోయాయి. అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకేసి తిరిగి కూర్చుంది.

“పిల్ల పెళ్ళి సెడగొడతావేటే? ఒక్క పేరు సెప్పడానికి నీకేటి రోగం?” అని అరిచాడు.

“పేరెట్టి పిలిసి తెచ్చుకుంటే అది సేపలమ్మినామె అవుద్ది, నేస్తమెలగవుద్ది?” అంది అమ్మ. మా అమ్మ మా నాన్నకి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. మగపెళ్ళివారు తగరపువలసలో బట్టల కొట్టున్నవాళ్ళు, ఎవరో చేపలామె కోసం పసుపు ఆపామంటే నవ్విపోతారు. ఎవరి చెయ్యైతేనేం, పసుపు పసుపే కదా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, అమ్మ మొహం చూశాక అనబుద్ధి కాలేదు.

పెళ్ళి రెండు రోజులుందనగా అమ్మ నన్ను తోడు తీసుకుని తనే బయల్దేరింది. జాలరిపేట ఒడ్డుకి చేరేసరికి తెప్పలు అప్పుడే వస్తున్నాయి. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని నీళ్ళల్లోకి దిగి బేరాలాడుతున్నారు, ఒకరి గొంతు మీద ఒకరి గొంతు, మధ్యలో కాకుల గోల. ఇంటి గడప దాటితే గొంతు పెగలని మా అమ్మ, ఇసుకలో నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, “నేస్తమా!” అని ఒక్క కేక పెట్టింది.

బేరాలు ఆగిపోయాయి. నాలుగు వైపుల నుంచీ ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒక్కరు కాదు, ఎంతోమంది. మొదట నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది, వాళ్ళలో ప్రతి ఒక్కతెకీ పైన ఏదో ఒక పొలాల ఊళ్ళో ఒక నేస్తం ఉండేది, ప్రతి ఒక్కతే ఆ కేక తనకేనేమో అనుకుంది. అమ్మ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళింది. పిన్ని లేదు.

“ఎవులు కావాలమ్మా? పేరేటి?” అని ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

“నేస్తం పేరు సెప్తారేటి?” అంది అమ్మ.

“అదీ నిజిమే,” అని ఆవిడ తట్ట దించింది. “నాకూ ఉండీది తల్లీ, మీ ఊళ్ళ వైపే. ఊర్లెత్తీసినాక ఏటయిపోనాదో. నీ కేక ఇని నాకోసమే వచ్చిందనుకున్నాను.”

ఆవిడ మా కాలనీ పేరూ పెళ్ళి రోజూ అడిగి తెలుసుకుంది. ఒడ్డు పొడుగునా మాట పంపిత్తాం, నువ్వెల్లు అంది. ఎలా పంపుతారు? పేరు లేదు, ఊరు లేదు, చిరునామా లేదు. నేను పనిచేసేది టెలిఫోన్ ఆఫీసులో, నెంబరు లేకుండా కలపమనేవాళ్ళని రోజూ కసిరేదాన్ని. బస్సులో వస్తుంటే ఇంక అయినట్టేలే అనుకున్నాను.

పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే పీట వేశారు, పసుపు కలిపారు, పేరంటాళ్ళు వచ్చారు. అమ్మ పసుపు గిన్నె ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎవర్నీ తాకనివ్వలేదు. ఎండెక్కుతోంది, మగపెళ్ళివారి తరపు ఆడవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు, నాన్న పందిట్లో పచార్లు చేస్తున్నాడు. అంతలో రోడ్డు మలుపులో కొత్త చీర కట్టుకుని తట్ట నెత్తిన పెట్టుకున్న జాలరి మనిషి కనబడింది. అమ్మ గిన్నెతో సహా లేచి పరుగెత్తింది. దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఆవిడా ఆగిపోయింది. ఆవిడ పిన్ని కాదు. ఎక్కడో పూడిమడక వైపు నుంచి, పొలాల ఊరి నేస్తం వెతుకుతోందన్న కబురు విని, తన నేస్తమే అనుకుని నడిచొచ్చిన మనిషి. ఇద్దరూ ఎండలో ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. అమ్మే ముందు తేరుకుని, ఆమె తట్ట దించి, చెయ్యి పట్టుకుని తెచ్చి పందిట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, గిన్నెతో మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. పోనీ ఈమె చేతనే పెట్టించెయ్యవే, జాలరామే కదా అన్నాడు నాన్న. వద్దన్నది అమ్మ కాదు, ఆ వచ్చినామే. ఇంకొకళ్ళ నేస్తం పసుపు తాను ముట్టనంది.

పీట మీద నా ఓపిక అయిపోయి లేవబోతుండగా మూడు వీధుల అవతలనుంచి ఒక గొంతు వినబడింది. దారి పొడుగునా అందర్నీ తిట్టుకుంటూ వస్తోంది, ఇన్ని సందులేటి, అన్ని ఇళ్ళూ ఒకలాగే కట్టీసినారేటి, మనిసన్నోడికి ఇల్లు తెలుత్తాదా అని. అమ్మ లేవలేదు. కూర్చున్నచోటే కూర్చుని కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది. పిన్ని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, అమ్మ ఒళ్ళో గిన్నెలో చెయ్యి ముంచి నా రెండు బుగ్గలకీ రాసింది. ఆ చేతికి చేపల వాసన ఎంత కడిగినా పోదు. ఇప్పటికీ పసుపు కలిపితే నాకు ఆ వాసనే గుర్తొస్తుంది.

అమ్మ ఆ తరవాత ఎక్కువకాలం లేదు. ఆ దశాబ్దం చివర్లో, వానల్లో జ్వరమొచ్చి పోయింది. కబురెళ్ళి పిన్ని వచ్చేసరికి అమ్మని వాకిట్లో పడుకోబెట్టారు. పిన్ని గుమ్మం దగ్గరే ఆగి, కాసేపు చూసి, గుండెలు బాదుకుంటూ ఒక్కసారిగా అరిచింది. “నూకాలూ! ఓలె నూకాలో! నన్నొగ్గేసి ఎల్లిపోనావేటే నూకాలూ!”

ఇంట్లో అందరం ఉలిక్కిపడ్డాం. అది మా అమ్మ పేరే. కాని ఆ పేరుతో అమ్మని ఎవరూ పిలవగా మేం వినలేదు. అత్తవారింట్లో కోడలా అన్నారు, మరిది వదినా అన్నాడు, మేం అమ్మా అన్నాం, నాన్న ఏమే అన్నాడు. కాగితాల మీద తప్ప ఆ పేరు ఎక్కడా లేదు.

కార్యాలు అయ్యాక పిన్ని పక్కన కూర్చుని అడిగాను, ఇప్పుడైనా నీ పేరు చెప్పు పిన్నీ, అమ్మ చెప్పకుండానే పోయింది అని.

“ఆ రోజు నాను గొంతు సించుకుని అరిసింది అదే కదే,” అంది. “మీ అమ్మ పేరే నా పేరు. ఒకటే పేరని మీ నానమ్మ మమ్మల్నిద్దర్నీ కలిపింది. అందికే అది తన పేరు కూడా నోటితో అనీది కాదు, అంటే నా పేరు అన్నట్టే కదా. నానూ అననేదు. ఎవులైనా అడిగితే పెద్దోడి అమ్మని అని సెప్పీదాన్ని. ఇంక అనొచ్చునే. అది నేదు కదా.”

అరుగు మీద కూర్చున్న మా నాన్న ఇదంతా విన్నాడు. “అన్ని పేర్లూ అన్నాను కదే,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “ఆ ఒక్కటీ అననేదు.” తువ్వాలు తీసి మొహం మీద వేసుకున్నాడు. రేషన్ గుమస్తా ముందు అమ్మ అటు తిరిగిపోవడం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కుర్రాడి పేజీ మొన్న పూర్తి చేసి పంపాను. వ్యవసాయదారులు, నేతవాళ్ళు, కుమ్మరులు, చాకళ్ళు, గీతపనివాళ్ళు, సాయిబులు, కోమట్లు, మాలమాదిగలు అని రాసి, వాళ్ళ పక్కనే జాలర్లు అని కూడా రాశాను. ప్రముఖులు అన్నచోట ఒక్క పేరే రాశాను, నూకాలమ్మ అని. నిన్న వాడు ఫోన్ చేశాడు, ఈ నూకాలమ్మగారు సర్పంచా మేడమ్, దాతా అని. ఒకరు కాదు బాబూ, ఇద్దరు అన్నాను. వాడికేమీ అర్థం కాక, సరే మేడమ్, పేజీ కింద మీ పేరు ఎలా వెయ్యమంటారు అని అడిగాడు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ ఫోన్లో అందరి పేర్లూ ఉన్నాయి. పాలవాడిది, ప్లంబరుది, ఆస్ట్రేలియాలో ఉన్న పక్కింటావిడ కోడలిది కూడా. పేరు పెట్టి పిలవకూడనంత దగ్గరి మనిషి మాత్రం అందులో ఒక్కరూ లేరు.